హువా తువో

హువా తువో ప్రాచీన చైనాకు చెందిన ప్రసిద్ధ వైద్యుడు. తూర్పు హాన్ వంశపు చివరి దశలో, అనగా క్రీ.శ. 2వ శతాబ్దపు ఉత్తరార్ధం నుండి 3వ శతాబ్దపు తొలి సంవత్సరాల వరకు జీవించాడు. రోగికి మత్తుమందు ఇచ్చి శస్త్రచికిత్స చేసిన తొలి వైద్యులలో ఒకడిగా పేరుగాంచాడు. ఆక్యుపంక్చర్‌లోనూ నిపుణుడు కావడం వలన, ఈయన సూదులతోనే స్పర్శ పోగొట్టి శస్త్రచికిత్స చేశాడని భావించడం పొరపాటు.

జీవిత విశేషాలు

ఇప్పటి అన్హుయ్ రాష్ట్రంలోని బోజౌ ఈయన స్వస్థలం. ఈయన ప్రాచీన గ్రంథాలను అభ్యసించిన పండితుడు. ప్రభుత్వ పదవులకు పిలుపు వచ్చినా నిరాకరించాడు. అయితే ఆ కాలంలో వైద్యం పండితులకు తగిన వృత్తి కాదు. తనను వైద్యునిగా మాత్రమే చూస్తున్నారని ఈయన లోలోపల చింతించేవాడని 3వ శతాబ్దపు చరిత్రకారుడు చెన్ షౌ వ్రాశాడు.

చికిత్సా విధానం

ఈయన కొద్ది దినుసులతోనే మందులు చేసేవాడు. సూదులు కూడా ఒకటి రెండు చోట్ల మాత్రమే గ్రుచ్చేవాడు. మందులకు, సూదులకు లొంగని వ్యాధి కడుపులో ఉన్నపుడే శస్త్రచికిత్సకు పూనుకొనేవాడు. అప్పుడు మఫెయ్‌సాన్ అనే చూర్ణాన్ని మద్యంతో త్రాగించి, రోగి స్పృహ కోల్పోయిన తరువాత కడుపు కోసి, వ్యాధిగ్రస్త భాగాన్ని తొలగించి, కుట్లు వేసి లేపనం పూసేవాడు. నాలుగైదు రోజులలో గాయం మానేదని, నెలలోపు రోగి కోలుకొనేవాడని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. ఇందులో అతిశయోక్తి ఎంతో తేల్చడం కష్టం. చైనా పండితుడు చెన్ యిన్కే 1930లో ఈ కథలపై భారతీయ బౌద్ధ గాథల ప్రభావం ఉందని, హువా తువో పేరు కూడా ఔషధమనే అర్థం గల సంస్కృత పదం 'అగదం' నుండి వచ్చిందని ప్రతిపాదించాడు.

మరణం

ఉత్తర చైనాను ఏలిన సేనాధిపతి త్సావ్ త్సావ్ తీవ్రమైన తలనొప్పితో బాధపడేవాడు. హువా తువో సూది గ్రుచ్చగానే నొప్పి తగ్గేది. అందువలన ఈయనను తన వద్దనే ఉంచుకొన్నాడు. కొంతకాలానికి ఇల్లు విడిచి ఉండలేక సెలవుపై వెళ్ళిన హువా తువో, భార్యకు జబ్బుగా ఉందని చెప్పి తిరిగి రాలేదు. ఎన్ని ఉత్తరాలు వచ్చినా కదలలేదు. విచారణలో ఆ మాట అబద్ధమని తేలింది. ఈయన ప్రజలకు ఎంతో అవసరమైన వైద్యుడని మంత్రి షున్ యూ వేడుకొన్నా త్సావ్ త్సావ్ వినక మరణశిక్ష విధించాడు.

చనిపోయే ముందు హువా తువో తన గ్రంథాన్ని చెరసాల అధికారికి ఇవ్వబోయాడు. అతడు శిక్షకు భయపడి తీసుకోలేదు. ఈయన బలవంతపెట్టక, నిప్పు అడిగి దానిని కాల్చివేశాడు. మఫెయ్‌సాన్ తయారీ వివరాలు నేటికీ లభించలేదు. 208లో ప్రియపుత్రుడు త్సావ్ చోంగ్ జబ్బుపడి మరణించినపుడు, హువా తువోను చంపినందుకు త్సావ్ త్సావ్ పశ్చాత్తాపపడ్డాడు. యోధుడు గ్వాన్ యూ చేతి ఎముకను ఈయన గీకి విషం తీసిన ప్రసిద్ధ ఘట్టం తరువాతి నవలలోని కల్పన.

అనంతర కాలం

శిష్యులలో ఫాన్ అ సూదివైద్యంలో పేరు పొందాడు. వెన్నెముకకు ఇరువైపులా ఉన్న ఆక్యుపంక్చర్ బిందువులను నేటికీ హువా తువో పేరుతోనే పిలుస్తారు. జపాన్ వైద్యుడు హనావొకా సెయిషు 1804లో ఉమ్మెత్త కలిసిన మందుతో స్పృహ పోగొట్టి రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేశాడు. సూదులను మత్తుమందుకు బదులుగా వాడే పద్ధతి మాత్రం చాలా ఆధునికమైనది. ఇది 1958లో షాంఘైలో టాన్సిల్స్ శస్త్రచికిత్సతో మొదలైంది. తరువాత జరిగిన ఇటువంటి శస్త్రచికిత్సలలో చాలావాటిలో సూదులతో పాటు నొప్పి తగ్గించే మందులు కూడా ఇచ్చేవారు.