డేవీ ఓబ్రయన్

బాలలారా! ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నెడి గుండ్రని బంతి స్ఫురించును. అమెరికా దేశమున ఆ పేరు గల ఆట వేఱు. అందు బంతి రెండు కొనల యందును సన్నముగా నుండును. ఆటగాండ్రు దానిని చేతబట్టి పరుగెత్తుదురు. ఎదుటి పక్షమువారు మీదబడి కూలద్రోయుదురు. జట్టునకు 11 మంది. వారిలో బంతినందుకొని, ఎవరికి విసరవలెనో క్షణములో నిర్ణయించువానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. ఏనుగులవంటి వారు తనపైకి దుముకుచుండగా చలింపక నిలువవలెను గదా!

అట్టి పనికి పూనుకొన్న డేవీ ఓబ్రయన్ ఎత్తు 5 అడుగుల 7 అంగుళములే. బరువు ఇంచుమించు 150 పౌనులు. ఆతడు 1917వ సంవత్సరము జూన్ 22వ తేదీన టెక్సాస్ రాష్ట్రమందలి డల్లాస్ నగరమున జన్మించెను. ఫోర్ట్‌వర్త్‌లోని టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయమున చేరునప్పటికి అచట శామీ బా అను మేటి క్వార్టర్‌బ్యాక్ ఉండెను. పై తరగతివాని నీడలో కూర్చుండవలసిన బాలుని విసుగును నేను పాఠశాలలో పెక్కుమార్లు చూచితిని. డేవీ మాత్రము ఓపికతో వేచియుండెను. శామీ వెడలిన పిదప, 1937లో, ఆ స్థానము ఆతనికి లభించెను.

మఱుసటి యేడు ఆ జట్టునకు ఓటమియే లేదు. వరుసగా 10 ఆటలు గెలిచి, 1939 జనవరి 2వ తేదీన న్యూ ఆర్లియన్స్ నగరమున కార్నెగీ టెక్ జట్టును 15-7 తేడాతో ఓడించి, దేశమున అగ్రస్థానమున నిలిచెను. కళాశాల ఆటగాండ్రలో ఉత్తమునికిచ్చు హైస్మన్ బహుమతి 1938లో డేవీకి దక్కెను. టెక్సాస్ కళాశాలల నుండి దానిని మొట్టమొదట పొందినవాడాతడే.

అనంతరము ఆతడు వృత్తి క్రీడాకారుడై ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టున చేరెను. అది మిక్కిలి బలహీనమైన జట్టు. రెండేండ్లలో 22 ఆటలాడి రెండు మాత్రమే గెలిచెను! అయినను తొలియేట డేవీ బంతి విసరుటలో కొత్త రికార్డు నెలకొల్పెను. 1940 డిసెంబరు 1వ తేదీన వాషింగ్టన్ జట్టుతో ఆతని కడపటి ఆట జరిగెను. ఒకప్పటి తోడి విద్యార్థి శామీ బా ఇప్పుడు ఎదుటి పక్షమువాడు. నాడు డేవీ 60 మార్లు బంతి విసరెను. 33 మార్లు అది తనవారి చేతజిక్కెను. 316 గజములు ముందునకు సాగియు, ఆ జట్టు 13-6 తేడాతో ఓడిపోయెను.

అప్పటి కాతనికి 23 ఏండ్లు. భుజబలము తఱుగలేదు, కీర్తి సన్నగిల్లలేదు. ఐనను ఆటను విడిచి ఎఫ్.బి.ఐ. అను కేంద్ర నేరపరిశోధక శాఖలో ఉద్యోగియయ్యెను. చప్పట్లు వినవచ్చు చోటు నుండి, పేరు కూడ వెల్లడి కాని కొలువునకు పోవుట ఎంత కష్టమో ఊహింపుడు. అచట పదేండ్లు పనిచేసి, తోటివారికి తుపాకి గుఱి నేర్పెను.

1950లో ఆ కొలువును వీడి వ్యాపారరంగమున అడుగిడెను. మొదట హెచ్. ఎల్. హంట్ అను చమురు ధనికుని వద్ద భూముల అభివృద్ధి పనులు చూచెను. పిదప చమురు పరిశ్రమకు సంబంధించిన డ్రెసర్ సంస్థలో చేరెను. కళాశాలలో ఆతడు చదివినది భూగర్భశాస్త్రమే! బంతి మోజులో పుస్తకమును పాఱవేసినవాడు కాడు.

కాన్సరు వ్యాధితో పోరాడి, 1977 నవంబరు 18వ తేదీన ఫోర్ట్‌వర్త్‌లో మరణించెను. 1981 నుండి అమెరికా కళాశాలలలోని ఉత్తమ క్వార్టర్‌బ్యాక్‌నకు ఏటేట ఇచ్చు బహుమతి ఈ పొట్టివాని పేరిటనే యున్నది.