నేరం మోపని ప్రార్థన

ప్రార్థనా వీరుడు జాన్ హైడ్ పేరు వినని విశ్వాసులు అరుదు. 1865లో అమెరికాలో ఒక ప్రెస్బిటేరియన్ కాపరి ఇంట పుట్టాడు. 1892లో మిషనరీగా మన దేశానికి ఓడెక్కినప్పుడు తండ్రి స్నేహితుడు రాసిన ఉత్తరం ఒకటి అందింది. హైడ్ పరిశుద్ధాత్మతో నిండేదాకా అతని కోసం ప్రార్థించడం మాననని అందులో ఉంది. నాకేం తక్కువని కోపమొచ్చి హైడ్ ఆ ఉత్తరాన్ని నలిపి పారేశాడు. కొంతసేపటికి తానే వెదికి తీసి మళ్లీ చదివాడు.

పంజాబులో సేవ మొదలైంది. క్రీస్తు పాపం నుండి విడిపిస్తాడని బోధిస్తున్న తనను ఒక పాపం ఇంకా చిక్కులబెడుతోందని ఆయనకు తెలుసు. దానిపై జయమియ్యి, లేదా నన్ను తిరిగి వెళ్లిపోనియ్యి అని దేవునితో పోరాడాడు. జయం పొందాడు. 1904లో సియాల్‌కోట్ మహాసభలు ఆరంభమైనప్పుడు ముందుగా నెల రోజులు ప్రార్థనలో గడిపినవారిలో ఆయన ఒకరు.

ఒకసారి ఆత్మీయంగా చల్లారిపోయిన ఒక భారతీయ కాపరి కోసం హైడ్ మోకరించాడు. ఇతనెంత చల్లబడ్డాడో నీకు తెలుసు ప్రభువా అని మొదలుపెట్టాడు. మాట పూర్తికాకుండానే పెదవులపై ఎవరో వేలుంచినట్లయింది. దేవుని ప్రజలను ముట్టేవాడు ఆయన కనుగుడ్డును ముట్టినట్లేనన్న జెకర్యా ప్రవచనం (2:8) గుర్తొచ్చింది. సహోదరులపై నేరం మోపడం అపవాది పని. దాన్ని తాను దేవుని సన్నిధిలోనే చేస్తున్నానని హైడ్ వణికిపోయి క్షమాపణ వేడుకున్నాడు.

మన బద్వేలు పల్లెల్లోనైనా, పట్నాల్లోనైనా కూటాల్లో చూస్తూనే ఉంటాం. ఫలానా సహోదరుడు తాగుడులో పడ్డాడు, ప్రార్థించండి అంటారు. ఆమేన్ అనేసరికి ఊరంతా తెలిసిపోతుంది. అతడు మళ్లీ మందిరం గడప తొక్కడు. మన పాపాలను ఒకరితో ఒకరం ఒప్పుకోవాలని యాకోబు రాశాడు (5:16). పక్కవాడి పాపాన్ని మనం ఒప్పుకోవాలని రాయలేదు.

ఆ కాపరిలో స్తుతించదగినది ఏదో చూపించమని హైడ్ అడిగాడు. క్రీస్తు కోసం అతడు సమస్తం విడిచి రావడం, అయినవాళ్ల చేతిలో పడిన బాధలు, తగవులు తీర్చి మనుషులను కలిపే నేర్పు, భార్యను చూసుకునే తీరు ఒక్కొక్కటే మనసుకొచ్చాయి. ఆ ప్రార్థన సమయమంతా స్తుతితోనే గడిచింది. కొద్దికాలానికే ఆ కాపరి ఉజ్జీవం పొంది మండుతూ బోధిస్తున్నాడన్న కబురు అందింది.

హైడ్ 1912 ఫిబ్రవరి 17న అమెరికాలో ప్రభువు నందు నిద్రించాడు. ఈ సంగతిని నేటికీ ఎన్నో సంఘాల్లో చెప్పుకుంటారు. ఆ కాపరి పేరు మాత్రం ఎవరూ చెప్పరు.