సమితి వెనుక మనిషి – బల్వంత్‌రాయ్ మెహతా

మా తాత ఇప్పటికీ మండలాఫీసు అనడు, సమితాఫీసు అనే అంటాడు. సమితులు పోయి మండలాలొచ్చింది 1986లో. నేను పుట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందు మాట అది. మాది పాలమూరు ప్రాంతపు వ్యవసాయ కుటుంబం. 1959 అక్టోబరు 11న పండిట్ నెహ్రూ షాద్‌నగర్ వచ్చి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించినప్పుడు మా ముత్తాత బండి కట్టుకొని పోయి చూసొచ్చాడట. నెహ్రూ సంగతి మా ఇంట్లో కథలా చెప్పుకుంటారు. ఆ సమితులు అసలు ఎవరి ఆలోచన అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. నేను చదివేది సైన్సు. ఒక సూత్రం నేర్చుకుంటే దాన్ని కనిపెట్టినవాడి పేరు కూడా నేర్చుకోవడం మాకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ వెతికి చదివింది మిత్రులతో పంచుకుందామని ఈ చిన్న ప్రయత్నం.

బల్వంత్‌రాయ్ గోపాల్‌జీ మెహతా 1900 ఫిబ్రవరి 19న భావనగర్‌లో జన్మించారు. ఇప్పుడు గుజరాత్‌లో ఉన్న భావనగర్ అప్పుడొక సంస్థానం. ఆయన బి.ఎ. చదివారు గానీ పరాయి ప్రభుత్వం ఇచ్చే పట్టా తీసుకోవడానికి ఒప్పుకోలేదు. అప్పటికి ఆయన వయసు ఇరవై, అంటే సరిగ్గా మన వయసు. పట్టా చేతికొస్తే ఉద్యోగం దొరుకుతుందా లేదా అని రాత్రింబవళ్ళు లెక్కలు వేసుకునే నాకు ఈ ఒక్క సంగతి దగ్గరే చాలాసేపు ఆగిపోవాలనిపించింది.

1921లో ఆయన భావనగర్ ప్రజామండలాన్ని స్థాపించారు. బ్రిటిష్ ఇండియా ప్రజలకు ఒక్కడే దొర. సంస్థానాల ప్రజలకు ఇద్దరు – పైన ఇంగ్లీషువాడు, కింద రాజు. నైజాం ఏలుబడిలో బతికిన మన పెద్దలకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు. అటువంటి సంస్థానాల ప్రజలందరి తరఫునా పనిచేసిన అఖిల భారత దేశీయ సంస్థానాల ప్రజా మహాసభకు మెహతా చాలాకాలం ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1928లో బార్డోలీ రైతులు పెంచిన శిస్తు కట్టం అని మొండికేసినప్పుడు వారితో నిలబడ్డారు. శాసనోల్లంఘనలో జైలుకెళ్ళారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో మూడేళ్ళ శిక్ష పడింది. మొత్తం మీద ఏడేళ్ళు జైళ్ళలోనే గడిచాయి.

1948 జనవరిలో భావనగర్ మహారాజు అధికారాన్ని ప్రజాప్రభుత్వానికి అప్పగించినప్పుడు ఆ మంత్రివర్గానికి మెహతాయే నాయకత్వం వహించారు. పైనున్నవాడు అధికారం వదులుకోవడమంటే ఏమిటో ఆయన కళ్ళారా చూశారన్నమాట. తరువాత రాజ్యాంగ సభలోనూ, 1952, 1957 ఎన్నికల తర్వాత లోక్‌సభలోనూ సభ్యులుగా ఉన్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1952 అక్టోబరు 2న మన దేశంలో సమాజ వికాస పథకం మొదలైంది. పల్లెల్ని బ్లాకులుగా విభజించి, బ్లాకుకొక బి.డి.ఓ.ని, కొన్ని ఊళ్ళకొక గ్రామసేవకుణ్ణి వేశారు. మరుసటి ఏడాది అదే రోజున జాతీయ విస్తరణ సేవ కూడా వచ్చింది. రోడ్లు పడ్డాయి, బావులు తవ్వారు. సర్కారు జీపు ఊళ్ళోకి వచ్చింది గాని ఊరు మాత్రం కదలలేదు. జనం అది సర్కారు పని అనుకున్నారు తప్ప మన పని అనుకోలేదు. దీనికి కారణం కనుక్కోమని 1957 జనవరిలో మెహతా అధ్యక్షతన ఒక కమిటీని వేశారు. ఆ నవంబరు 24న కమిటీ నివేదిక ఇచ్చింది.

నివేదికలోని సారం నాకు అర్థమైనంతలో ఇది. పని ఒప్పజెప్పడం వేరు, అధికారం వదులుకోవడం వేరు. పాలేరుకు పొలం పని చెప్పి, విత్తనం ఏది వెయ్యాలో, నీళ్ళు ఎప్పుడు పెట్టాలో యజమానే చెప్తుంటే అది మొదటి రకం. పొలమే కౌలుకిచ్చి గట్టు మీంచి పక్కకు తప్పుకుంటే రెండో రకం. ప్రభుత్వం కొన్ని పనుల విషయంలో పూర్తిగా తప్పుకోవాలని, ఆ పనులతోపాటు వాటికి కావలసిన డబ్బు కూడా ఇవ్వాలని మెహతా కమిటీ చెప్పింది. ఊరికి గ్రామ పంచాయతీ, బ్లాకుకు పంచాయతీ సమితి, జిల్లాకు జిల్లా పరిషత్తు – ఈ మూడంచెల ఏర్పాటు అక్కడినుంచి వచ్చిందే. మూడింటిలో అసలు బలం సమితికే ఇమ్మన్నారు. భూమిశిస్తులో సమితికి వాటా ఉండాలన్నారు. 1958 జనవరిలో జాతీయాభివృద్ధి మండలి దీన్ని ఆమోదించింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌కు దీపం వెలిగించారు. తొమ్మిది రోజులకే మా షాద్‌నగర్ వంతు వచ్చింది.

ఆయన మీద గౌరవం ఉన్నంత మాత్రాన లోపాలు దాచకూడదు. సమితిని ప్రజలు నేరుగా ఎన్నుకోవద్దని, పంచాయతీల ద్వారా ఎన్నుకోవాలని ఆ నివేదిక చెప్పింది. మన దగ్గర సర్పంచులే సమితి సభ్యులయ్యారు. దాంతో పల్లెల్లో అప్పటికే భూమీ, పలుకుబడీ ఉన్నవాళ్ళ చేతికే సమితులు పోయాయి. ప్రెసిడెంటు ఎన్నిక వచ్చిందంటే సర్పంచుల్ని ఎక్కడికో తీసుకుపోయి దాచే రివాజు ఉండేదని మా తాత నవ్వుతూ చెప్తాడు. జిల్లా పరిషత్తుకు కలెక్టరే అధ్యక్షుడుగా ఉండాలన్నది ఇంకొక సిఫార్సు. అధికారం వదులుకోమన్న చేత్తోనే అధికారిని కుర్చీలో కూర్చోబెట్టడం నాకు మింగుడుపడలేదు. ఈ ఒక్క విషయంలో మన రాష్ట్రం ఆయన మాట వినకుండా ఎన్నికైన ఛైర్మన్‌నే పెట్టుకుంది. అది మంచి పనే.

1963 సెప్టెంబరులో మెహతా గుజరాత్ ముఖ్యమంత్రి అయ్యారు. రెండేళ్ళకు పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. 1965 సెప్టెంబరు 19న ఆయన మిఠాపూర్ నుంచి చిన్న విమానంలో కచ్ సరిహద్దు వైపు బయలుదేరారు. సుథరీ గ్రామం దగ్గర పాకిస్తాన్ యుద్ధవిమానం దాన్ని కూల్చివేసింది. మెహతా, ఆయన భార్య సరోజ్‌బెన్, సిబ్బంది ముగ్గురు, ఒక విలేకరి, విమానం నడిపే ఇద్దరు – ఎనిమిది మందీ చనిపోయారు. మరి నాలుగు రోజులకు యుద్ధం ఆగింది. నలభై ఆరేళ్ళ తరువాత, 2011లో, కాల్పులు జరిపిన ఆ పాకిస్తానీ పైలట్ మన పైలట్ కూతురికి విచారం తెలుపుతూ ఉత్తరం రాశాడు.

ఆయన పోయాక ఆయన నాటిన మొక్కకు నీళ్ళు పోసినవాళ్ళు తక్కువ. మన రాష్ట్రంలో 1970లో జరిగిన పంచాయతీ ఎన్నికలు మళ్ళీ 1981లో గాని జరగలేదు. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చి, అయిదేళ్ళకొకసారి ఎన్నికలు, దళితులకూ గిరిజనులకూ మహిళలకూ సీట్లు తప్పనిసరి చేసింది. ఇక గీతలు మారడానికి మాత్రం కొదవ లేదు. సమితులు మండలాలయ్యాయి. తెలంగాణలో పది జిల్లాలు 2016లో ముప్ఫై ఒకటి, 2019లో ముప్ఫై మూడు అయ్యాయి. షాద్‌నగరే మహబూబ్‌నగర్ జిల్లాలోంచి రంగారెడ్డిలోకి పోయింది. ఆఫీసు ఊరికి దగ్గరైంది, మంచిదే. అధికారం కూడా దగ్గరైందా?

మా చిన్నాయన వరస ఒకాయన కిందటిసారి సర్పంచి. మంచినీళ్ళ బోరు మోటారు కాలిపోతే ఊరు ఎండుతుందని అప్పు తెచ్చి బాగుచేయించాడు. ఆ బిల్లు కోసం రెండేళ్ళు తిరిగాడు. చివరికి రెండు బర్రెలమ్మి అప్పు తీర్చాడు. ఆయన పదవి 2024 ఫిబ్రవరిలో ముగిసింది. ఆ తర్వాత ఏడాదికి పైగా ఎన్నికల్లేక ఊళ్ళు ప్రత్యేకాధికారుల చేతిలోనే నడిచాయి. పని ఊరికిచ్చి డబ్బు పైన పెట్టుకోవద్దని 1957లోనే చెప్పిన మనిషిని చదువుతుంటే నాకు మా చిన్నాయన ముఖమే కనిపించింది.

మిత్రులారా, మనలో సగం మందిమి పల్లెలనుంచి వచ్చినవాళ్ళమే. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక్కసారి గ్రామసభకు వెళ్ళి కూర్చోండి. పంచాయతీకి ఈ ఏడు ఎంతొచ్చింది, ఎంత రావాలి అని అడగండి. పట్టా వద్దనుకునే ధైర్యం మనకు లేకపోవచ్చు. ఆ రెండు లెక్కలు అడిగే ధైర్యమైనా ఉంటే మెహతా గారి రుణం కొంత తీర్చుకున్నట్టే.