ఊసరవెల్లి రాయి – షీలే

1742వ సంవత్సరమున, నాడు స్వీడన్ రాజుల యేలుబడిలోనున్న స్ట్రాల్సుండ్ నగరమున కార్ల్ విల్‌హెల్మ్ షీలే జన్మించెను. పదునొకండుగురు సంతానములో అతడు ఏడవవాడు. కళాశాల చదువునకు నోచుకొనక, పదునాలుగవ యేట గోథెన్‌బర్గ్ నగరమందలి మందుల అంగడిలో పనికి కుదిరెను. పగలు చూర్ణములు నూరుట. రాత్రి, అందరును నిద్రించిన పిదప, గ్రంథములలో చదివిన ప్రయోగములను స్వయముగా చేసి చూచుట. కొన్ని సీసాలు, మట్టిమూసలు, వాయువులు పట్టుటకు పశువుల తిత్తులు, ఇంతియే అతని ప్రయోగశాల.

తరువాత ఉప్సాలా నగరమున బెర్గ్‌మాన్ అను ఆచార్యుని ప్రోద్బలముచే ఒక నల్లరాతిని పరీక్షింప మొదలిడెను. గాజునందలి పచ్చఛాయను పోగొట్టుటకు పనివారు వాడు రాయి యది. మాంగనీసు డయాక్సైడని నేటి పేరు. దాని పొడిని సురేకారముతో కలిపి కరగించి, ఆ ముద్దను నీట వేసినచో నీరు ఆకుపచ్చనగును. నిలువయుంచగా ఊదారంగునకు మారి, అడుగున గోధుమరంగు మడ్డి పేరుకొనును. అందుచే దానికి ఖనిజపు ఊసరవెల్లియను పేరు కలిగెను. షీలేకు పూర్వమే గ్లౌబర్ దీనిని చూచియుండెను. కాని చూచి వింతపడుట వేరు, కారణము వెదకుట వేరు.

ఫ్లోజిస్టన్ అను సూక్ష్మద్రవ్యము ఒకదానినుండి వేరొకదానికి పోవుటచే ఇట్టి మార్పులు కలుగునని షీలే తలచెను. అట్టి ద్రవ్యమే లేదు. అయినను ఇచ్చిపుచ్చుకొనుట యన్న మాట పొల్లుపోలేదు. చేతులు మారునవి ఎలక్ట్రానులని తరువాతివారు గ్రహించిరి. వానిని కోల్పోవుట ఆక్సీకరణము, పొందుట క్షయకరణము. ఉపాధ్యాయుడు తరగతిలో ఊదారంగు పర్మాంగనేటు నీటికి క్షారమును, పంచదారను చేర్చినపుడు ఊదా నీలమై, నీలము ఆకుపచ్చయై, తుదకు గోధుమరంగగును. పంచదార ఇచ్చు ఎలక్ట్రానులను పొందుచు మాంగనీసు మెట్టుమెట్టుగా దిగుచున్నదన్నమాట. షీలే సీసాలో ఆకుపచ్చ ఊదాయగుటకు ఇది ఎదురునడక.

ఆ రాతిపొడినే ఉప్పునుండి తీసిన ఆమ్లముతో వేడిచేయగా, ఊపిరాడనీయని పసుపుపచ్చని వాయువు వెలువడెను. అందుంచిన పూవులు తెల్లబోయెను. 1774లో షీలే దానిని ప్రకటించెను. అది మూలకమని 1810లో డేవీ తేల్చి, క్లోరినని పేరిడెను.

అంతకుముందే షీలే ఆమ్లజనిని వేరుచేసియుండెను. కాని అతని గ్రంథము అచ్చగుసరికి 1777 వచ్చెను. ఈలోగా ఇంగ్లండున ప్రీస్ట్‌లీ 1774లో దానిని కనుగొని ముందుగా ప్రకటించెను. కీర్తిలో పెద్దపాలు అతనిదయ్యెను.

1775లో స్వీడన్ రాజ శాస్త్రపరిషత్తు షీలేను సభ్యునిగా ఎన్నుకొనెను. అదే యేట అతడు కోపింగ్ అను చిన్నయూరికి పోయి, ఒక వితంతువునకు చెందిన మందుల అంగడి నడుపసాగెను. విషవాయువులు పీల్చుట, క్రొత్త పదార్థములను రుచిచూచుట అతని అలవాటు. దేహము శిథిలమగుటకు అదియే కారణమని పలువురి తలంపు. 1786 మే 21న, నలుబదిమూడేండ్లకే మరణించెను. అంగడి ఆమెకు నిరాటంకముగా దక్కవలెనని, కొద్దిదినముల ముందు మరణశయ్యపైననే ఆ వితంతువును వివాహమాడెను.