కళ్లజోళ్లకు డబ్బులు వసూలు చేస్తారా? అంటూ మంత్రి పదవికి రాజీనామా.. బ్రిటన్‌లో ఫ్రీ వైద్యం తెచ్చిన బొగ్గు గని కార్మికుడి కథ

బ్రిటన్‌లో ఉండేవాళ్లు డాక్టర్‌కి చూపించుకుంటే బిల్లు రాదు. కాన్పు అయినా, గుండె ఆపరేషన్ అయినా క్యాష్ కౌంటర్ దగ్గర నిలబడే పని లేదు. ఎన్‌హెచ్‌ఎస్ అనే ఈ వ్యవస్థని 1948 జులై 5న మొదలుపెట్టిన ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవాన్. విచిత్రం ఏంటంటే.. మూడేళ్లు కూడా తిరక్కుండానే అదే వ్యవస్థలో రెండు వస్తువులకి ధర పెట్టారని ఆయన ఏకంగా కేబినెట్ నుంచి బయటికొచ్చేశారు. ఆ రెండు వస్తువులు కట్టుడు పళ్లు, కళ్లజోళ్లు!

13 ఏళ్లకే గనిలోకి..

బెవాన్ 1897 నవంబర్ 15న వేల్స్‌లోని ట్రెడెగార్ అనే బొగ్గు గనుల ఊళ్లో పుట్టారు. తండ్రి డేవిడ్ గని కార్మికుడు. పది మంది పిల్లలు పుట్టిన ఇల్లు అది. అందులో కొందరు చిన్నప్పుడే పోయారు. బెవాన్‌కి బడి అంటే పడేది కాదు, పైగా నత్తి. 13 ఏళ్లకే చదువు మానేసి గనిలో దిగారు. ఊరి లైబ్రరీలో పుస్తకాలు చదువుతూ, మీటింగుల్లో పట్టుబట్టి మాట్లాడుతూ నత్తిని దారికి తెచ్చుకున్నారు. తర్వాత పార్లమెంట్‌లో చర్చిల్‌తోనే ఢీ అంటే ఢీ అన్న వక్త ఈయనే అంటే నమ్మడం కష్టం.

1925లో తండ్రి చనిపోయారు. ఏళ్ల తరబడి పీల్చిన బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. ఆ జబ్బుకి అప్పట్లో నష్టపరిహారం లేదు. ఇంటికి ఒక్క పెన్నీ రాలేదు.

అయితే అదే ఊళ్లో ఇంకో సంగతి కూడా ఉంది. ట్రెడెగార్ కార్మికులు వారం జీతంలోంచి కొన్ని పెన్నీలు పక్కన పెట్టి ఒక వైద్య సహాయ సొసైటీ నడిపేవారు. డాక్టర్లకి జీతం ఇచ్చేది ఆ సొసైటీయే. కార్మికుడికే కాదు, భార్యాపిల్లలకీ వైద్యం అందేది. అక్కడ కొంతకాలం పనిచేసిన డాక్టర్ ఎ.జె. క్రోనిన్ తర్వాత 'ది సిటాడెల్' నవల రాశారు. దేవానంద్ 'తేరే మేరే సప్నే' సినిమాకి మూలం ఆ నవలే. బెవాన్ ఈ ఊరి ఆస్పత్రి కమిటీలో పనిచేశారు. ఎన్‌హెచ్‌ఎస్ ఐడియా ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే సమాధానం లండన్ ఆఫీసుల్లో కాదు, ఇక్కడే దొరుకుతుంది.

మిగతా దేశంలో పరిస్థితి వేరు. 1911 నాటి ఇన్సూరెన్స్ చట్టం ఉద్యోగికి మాత్రమే డాక్టర్‌ని చూపించేది. ఇంట్లో భార్యకి, పిల్లలకి ఆ కవర్ లేదు. చాలా ఆస్పత్రులు చందాల మీద నడిచేవి.

డాక్టర్లతో ఫైట్

1929లో బెవాన్ ఎబ్బు వేల్ నుంచి ఎంపీ అయ్యారు. 1934లో మరో లేబర్ నాయకురాలు జెన్నీ లీని పెళ్లి చేసుకున్నారు. 1945లో అట్లీ ప్రభుత్వంలో ఆరోగ్య శాఖ దక్కింది. అప్పుడు వయసు 47, కేబినెట్‌లో అందరికంటే చిన్న.

ప్లాన్ సింపుల్. ఆస్పత్రులన్నీ ప్రభుత్వానివి. డబ్బు ఇన్సూరెన్స్ ప్రీమియం నుంచి కాదు, ప్రధానంగా పన్నుల నుంచి. రోగి దగ్గర ఏమీ అడగకూడదు. కానీ డాక్టర్ల సంఘం భగ్గుమంది. అప్పట్లో డాక్టర్లు తమ ప్రాక్టీస్‌ని దుకాణం అమ్మినట్టు అమ్ముకునేవారు, కొత్తగా వచ్చేవాళ్లు అప్పు చేసి మరీ కొనుక్కునేవారు. అంటే పేషెంట్లకీ ఒక మార్కెట్ రేటు! ఆ కొనుగోళ్లకి బెవాన్ ఫుల్‌స్టాప్ పెట్టారు. నష్టపరిహారంగా 6 కోట్ల 60 లక్షల పౌండ్లు కేటాయించారు. అయినా 1948 ఫిబ్రవరిలో డాక్టర్ల ఓటింగ్ జరిగితే ప్రతి పది మందిలో దాదాపు తొమ్మిది మంది వద్దనే అన్నారు.

ఇక్కడే బెవాన్ రాజీపడ్డారు. పెద్ద డాక్టర్లు ప్రైవేట్ ప్రాక్టీస్ కొనసాగించుకోవచ్చన్నారు. ప్రభుత్వ ఆస్పత్రిలోనే డబ్బు కట్టే పేషెంట్లకి కొన్ని బెడ్లు వదిలేశారు. ఫ్యామిలీ డాక్టర్లని జీతగాళ్లుగా మార్చబోమని హామీ ఇచ్చారు. అలా జులై నాటికి డాక్టర్లు లైన్లోకొచ్చారు.

వెల్లువలా జనం

జులై 5న బెవాన్ మాంచెస్టర్ దగ్గర డేవీహుల్మ్‌లోని పార్క్ హాస్పిటల్‌కి వెళ్లారు. ఆ తర్వాత వచ్చిన రద్దీని ఎవరూ ఊహించలేదు. మొదటి ఏడాదిలోనే 50 లక్షలకి పైగా కళ్లజోళ్లు ఇచ్చారు. పంటి వైద్యానికి సుమారు 85 లక్షల మంది వచ్చారు. దీన్ని దుబారా అన్నవాళ్లున్నారు. కానీ అన్నేళ్లు మసక చూపుతో, పళ్లు లేకుండా నెట్టుకొచ్చిన జనం ఒక్కసారిగా బయటికొచ్చారంతే.

ఖర్చు అంచనాలు దాటింది. 1949లో మందుల చీటీకి ఒక షిల్లింగ్ వసూలు చేసే అధికారం చట్టంలోకి వచ్చింది. మంత్రిగా ఉన్నది బెవానే. ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నారు, అమలు మాత్రం కానివ్వలేదు. ఆయన అభిమానులు ఈ ముక్క పెద్దగా చెప్పరు.

1951లో కొరియా యుద్ధం నడుస్తోంది. బ్రిటన్ మూడేళ్లలో ఆయుధాలకి 470 కోట్ల పౌండ్లు పెట్టాలనుకుంది. ఏప్రిల్ బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి హ్యూ గేట్స్‌కెల్ కట్టుడు పళ్లు, కళ్లజోళ్ల ధరలో సగం జనమే కట్టాలన్నారు. మొదటి ఏడాది మిగిలేది 1 కోటి 30 లక్షల పౌండ్లు మాత్రమే. అప్పటికి కార్మిక శాఖకి మారిన బెవాన్ రాజీనామా చేశారు. హెరాల్డ్ విల్సన్, జాన్ ఫ్రీమన్ ఆయన వెంటే వెళ్లారు. అక్టోబర్‌లో లేబర్ ఓడిపోయింది. 1952లో కన్సర్వేటివ్ ప్రభుత్వం ఆ షిల్లింగ్‌ని వసూలు చేయడం మొదలుపెట్టింది. చట్టం రెడీగానే ఉంది కదా!

ఎన్‌హెచ్‌ఎస్ డబ్బుని తగలేస్తోందా అని తేల్చడానికి అదే ప్రభుత్వం గిల్బో కమిటీ వేసింది. 1956లో వచ్చిన రిపోర్ట్ రివర్స్ అయింది. దుబారా లేదు, పైగా దేశ ఆదాయంలో ఈ ఖర్చు వాటా తగ్గిందని తేలింది.

బెవాన్ మళ్లీ మంత్రి కాలేదు. 1955లో పార్టీ నాయకత్వ పోటీలో అదే గేట్స్‌కెల్ చేతిలో ఓడారు. 1960 జులై 6న, ఎన్‌హెచ్‌ఎస్‌కి 12 ఏళ్లు నిండిన మర్నాడే, కడుపు క్యాన్సర్‌తో కన్నుమూశారు. వయసు 62.

తర్వాత ఏమైందంటే..

ఆయనతో పాటు రాజీనామా చేసిన విల్సన్ ప్రధాని అయ్యి 1965లో మందుల చీటీ ఫీజు ఎత్తేశారు. 1968లో ఆయనే మళ్లీ పెట్టారు. 1990లో థాచర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ఎన్‌హెచ్‌ఎస్‌లోకే మార్కెట్‌ని తీసుకొచ్చింది. ఆస్పత్రులు సేవలు అమ్మేవాళ్లు, హెల్త్ అథారిటీలు, కొందరు ఫ్యామిలీ డాక్టర్లు కొనేవాళ్లు అయ్యారు. రోగికి మాత్రం అప్పుడూ బిల్లు రాలేదు. బెవాన్ సొంత వేల్స్ 2007లో మందుల చీటీ ఫీజు పూర్తిగా తీసేసింది, ఇంగ్లండ్‌లో మాత్రం ఇప్పటికీ ఉంది.

ఇక విదేశీయులకి కూడా ఉచితంగానే చూడాలన్నది బెవాన్ వాదన. అది నిలవలేదు. 2015 నుంచి వీసాతో పాటే హెల్త్ సర్‌చార్జ్ కట్టించుకుంటున్నారు. 2024 ఫిబ్రవరి నుంచి స్టూడెంట్స్‌కి ఏడాదికి 776 పౌండ్లు, మిగతా పెద్దవాళ్లకి 1,035 పౌండ్లు. హైదరాబాద్, విజయవాడ నుంచి మాస్టర్స్‌కి వెళ్లే మన పిల్లలు ఫ్లైట్ ఎక్కకముందే ఆన్‌లైన్‌లో కట్టేది ఈ డబ్బే.