సుజాన్ లెంగ్లెన్ జీవితము

పచ్చికనేలపై నాడు టెన్నిసు పందెములలో లండనులోని వింబుల్డనునందు జరుగునవి మిక్కిలి ప్రసిద్ధములు. 1877లో మొదలైన యీ పందెములు మొదటి మహాయుద్ధమువలన నాలుగేండ్లు నిలిచిపోయి, 1919లో తిరిగి జరిగెను. ఆ యేడు స్త్రీల తుదిపోరులో గెలిచిన ఫ్రెంచి కన్యక చరిత్రమును మా చదువరులకు నివేదించుచున్నాము.

సుజాన్ లెంగ్లెన్ 1899 మే 24వ తేదీని పారిసు నగరమున జన్మించెను. బాల్యమున ఉబ్బసముతో బాధపడుచుండుటచే, దేహదార్ఢ్యము కలుగునని తండ్రి యామెకు 1910లో రాకెట్టు కొనియిచ్చెను. నీసు పట్టణమున వారి యింటికెదురుగనే టెన్నిసు క్లబ్బుండెను. తండ్రి నేలపై చేతిరుమాలు పఱచి, బంతి సరిగా దానిపైననే పడునట్లు కొట్టించెడివాడని ప్రతీతి. గుఱి తప్పినచో కోపించువాడట. ఈ కాఠిన్యమును మేము ముమ్మాటికిని మెచ్చుకొనజాలము. ఆ బాలిక నేర్పెంతటిదో ఆమె మనస్సున బెట్టిన భారమును అంతటిది. పదునైదవయేట 1914లో సెంక్లూనందు జరిగిన ప్రపంచ మట్టినేల పందెములలో ఆమె గెలిచెను. వెంటనే యుద్ధము వచ్చెను.

ఇరువదియవయేట వింబుల్డనుకు వచ్చునాటికి ఆమె పచ్చికపై పందెమాడి యెఱుగదు. ఎఱ్ఱమట్టిపై బంతి నెమ్మదిగ పైకెగయును. పచ్చికపై తక్కువ యెత్తున లేచి త్వరగా జాఱిపోవును. అయినను వరుసగ గెలిచి తుదిపోరు చేరెను. ఆ కాలపు నియమమునుబట్టి వెనుకటి విజేత తక్కినవారితో నాడక, చివఱ నిలిచిన వారితో మాత్రమే తలపడును. ఆ విజేత డొరోతియా లాంబర్ట్ చేంబర్సు. వయస్సు నలువది, అంతకుమున్ను ఏడు మార్లు గెలిచిన యిల్లాలు.

జులై 5వ తేదీని జార్జి చక్రవర్తియు మేరీ రాణియు చూచుచుండగ ఆట మొదలయ్యెను. చేంబర్సు దొరసాని పాదములదాక జీరాడు లంగా ధరించెను; సుజాన్ బిగుతు లోదొడుగులు విడిచి, పిక్కలవఱకే దిగు పొట్టిచేతుల గౌను ధరించెను. ఇది సిగ్గుమాలిన తనమని కొందఱాక్షేపించిరి. పరుగెత్తవలసినవారికి పరుగెత్తుటకు వీలైన వస్త్రము వలదనుట యేమి న్యాయమో మాకు బోధపడదు. మొదటి సెట్టు 10-8 సుజానుది; రెండవది 6-4 చేంబర్సుది. అలసిన కూతునకు తండ్రి సారాలో నానిన చక్కెర బిళ్ళలు విసరెను. (మద్యము నిరసించు మా సోదరులు మన్నింతురుగాక!) మూడవ సెట్టున చేంబర్సు 6-5తో ముందుండి, ఇక నొక్క బంతి గెలిచిన చాలునను స్థితికి రెండు మార్లు చేరెను. ఒక మారు సుజాన్ కొట్టిన బంతి రాకెట్టు చట్రమునకు దగిలి యెట్లో వల దాటెను. తుదకు 9-7తో సుజాన్ గెలిచెను. మొత్తము 44 గేములు. ఓడిన దొరసాని ధైర్యమును మఱవరాదు. ఆ రెండు బంతులలో నొకటి దక్కియుండిన ఈ చరిత్రము వేఱు విధమున నుండెడిది.

తరువాత 1923 వఱకు ప్రతియేడును, మఱల 1925లోను వింబుల్డను ఆమెదే. 1920 ఆంట్‌వెర్పు ఒలింపిక్సులో ఒంటరి ఆటలన్నిటిని గలిపి నాలుగు గేములు మాత్రమే పోగొట్టుకొని స్వర్ణపతకము గొనెను. 1922లో వింబుల్డను పందెములు విశాలమగు క్రొత్త మైదానమునకు మాఱెను.

1926లో ఆట వేళనుగూర్చి పొరపాటు గలిగి, మేరీ రాణి వేచియుండగ సుజాన్ సమయమునకు రాలేదు. అధికారులు మందలించిరి, జనము విముఖులైరి. ఆమె పందెములనుండి తప్పుకొని మఱల నచ్చట ఆడలేదు. ఆ యేడే వేతనము గైకొని ఆడుటకు అమెరికా వెళ్ళెను. వేతనము గొన్నవారికి వింబుల్డను తలుపులు నాడు మూసియుండెను. అట్టి నియమమును ఆమె బహిరంగముగనే ఖండించెను. టిక్కెట్ల సొమ్ము సంఘములకు జేరుచుండగ, ఎవరిని చూచుటకు జనులు వత్తురో వారు మాత్రము ఉత్తచేతులతో నుండవలెననుట ధనవంతులకే చెల్లు నీతి. కలిమిలేని యింటి బిడ్డలకు అది ద్వారబంధనమే. ఈ విషయమున మేమామె పక్షమే. ఆ నియమము 1968లో గాని తొలగలేదు.

పిమ్మట ఆమె పారిసులో బాలబాలికలకు ఆట నేర్పుచు, పాండురోగమున 1938 జులై 4వ తేదీని ముప్పదితొమ్మిదవయేట మరణించెను. సెంతువాన్ శ్మశానమున ఆమె సమాధి గలదు. పారిసులోని రోలాగారో క్రీడాస్థలమున నొక ఆటనేల నేడు ఆమె పేరనే యున్నది.