చంపినోని జెండా చూసి లెక్క కట్టొద్దు: తరిమెల నాగిరెడ్డి బతుకు చెప్పేదిదే

మన అనంతపురం పక్క రాజకీయ గొడవల్లో ఎవరన్నా హతమైతే ఫోన్లలో ముందు తిరిగే మాట ఒకటే: పోయినోడు ఏ పార్టీ? మనోడైతే అమరుడు, అవతలోడైతే తగిన శాస్తి. ఈ లెక్క తప్పని నేనంటా. అది చెప్పనీకి నాకు గాంధీ కంటే తరిమెల నాగిరెడ్డే ఎక్కువ పనికొస్తాడు. ఎందుకంటే ఆయన అహింసావాది కాదు.

నాగిరెడ్డి 1917లో శింగనమల దగ్గర తరిమెలలో పుట్టినాడు. భూమీపుట్రా బాగా ఉన్న ఇల్లు. రిషివ్యాలీ, మద్రాసు లయోలా, కాశీ హిందూ విశ్వవిద్యాలయం, ఇట్ల పెద్ద చదువులే చదివినాడు. యుద్ధం జనం నెత్తిన వేసే భారం గురించి పుస్తకం రాస్తే తెల్లోళ్లు జైల్లో పెట్టినారు. కమ్యూనిస్టై తన భూమిని పేదలకు పంచినాడు.

1952 ఎన్నికలొచ్చినాయి. అనంతపురంలో కాంగ్రెస్ తరఫున నీలం సంజీవరెడ్డి. ఆయన నాగిరెడ్డికి స్వయానా అక్కాచెల్లెళ్ల వరసలో బావ. నాగిరెడ్డి జైల్లోనుంచే నిలబడి బావను ఓడించినాడు. సీమలో రెండు పెద్ద ఇండ్ల మధ్య పోటీ అంటే తర్వాత ఏమయితాదో మనకు చెప్పనక్కర్లేదు. ఇక్కడ మాత్రం తేల్చింది ఓటు. ఓడిన బావ 1956లో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి అయినాడు, 1977లో రాష్ట్రపతి అయినాడు. గెలిచిన నాగిరెడ్డి 1957లో లోక్‌సభకు పోయినాడు, తర్వాత మళ్లీ శాసనసభకు వచ్చినాడు.

అన్నేండ్లు చట్టసభల్లో ఉండి చూసినాక, పేదోని భూమి సమస్య అక్కడ తెగదని ఆయనకు అనిపించింది. 1969 మార్చిలో రాజీనామా చేసి బయటికొచ్చినాడు. సాయుధ పోరాటమే దారి అనుకున్నాడు. ఆ దారి నాకు సమ్మతం కాదు. అయితే ఆ దారిలో నిలబడి కూడా ఆయన ఒక గీత గీసినాడు. నేను చెప్పొచ్చేది ఆ గీత గురించే.

అప్పటికే శ్రీకాకుళం మండుతాండాది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను భూస్వాముల పక్షం కాల్చి చంపింది. దానికి జవాబుగా బెంగాల్ నుంచి చారు మజుందార్ చెప్పిన దారి వచ్చింది: చిన్న దళాలు రహస్యంగా పోయి భూస్వాములను ఒక్కొక్కరినే చంపేయాల. నాగిరెడ్డి ఒప్పుకోలేదు. జనం తమ భూమి కోసం తాము కదలకుండా, నలుగురు రాత్రిపూట పోయి ఒకన్ని చంపొస్తే అది ఉద్యమం కాదన్నది ఆయన వాదన. అఖిల భారత సమన్వయ కమిటీ ఆయన బృందాన్ని 1969 ఫిబ్రవరిలోనే పక్కన పెట్టేసింది.

తర్వాత ఏమయింది? 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో చనిపోయినారు. దానికి ఎన్‌కౌంటర్ అని పేరు పెట్టినారు. నాగిరెడ్డిని 1969 చివర్లోనే పట్టుకుని హైదరాబాద్ కుట్ర కేసు పెట్టినారు. కోర్టులో ఆయన ఇచ్చిన వాంగ్మూలమే 'తాకట్టులో భారతదేశం' పుస్తకమైంది. చారు మజుందార్ 1972 జులై 28న పోలీసు కస్టడీలో పోయినాడు. సరిగ్గా నాలుగేండ్లకు, 1976 జులై 28న, ఎమర్జెన్సీ కాలంలో అజ్ఞాతంలో ఉండగానే నాగిరెడ్డి జబ్బుతో పోయినాడు. వయసు 59.

ఇప్పుడు ఆ గీతను పట్టుకుని అన్ని జెండాలనూ కొలుద్దాం. 1948 జనవరిలో గాంధీని చంపినోడు హిందూ మతం పేరు చెప్పినాడు. అదే ఏడు ఆగస్టులో హైదరాబాద్‌లో జర్నలిస్టు షోయబుల్లా ఖాన్‌ను నరికినోళ్లు నిజాం పక్షం. ఎమర్జెన్సీలో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసింది సర్కారు. 2005 జనవరి 24న పరిటాల రవిని మన అనంతపురంలోనే, పార్టీ ఆఫీసులోనే కాల్చేసినారు. అంతకు ముందు ఆయన నాయన శ్రీరాములునూ చంపినారు.

ఇవన్నీ ఒకటే అని నేననడం లేదు. భూమి లేనోని కోపం, కుర్చీ కోసం పగ ఒకటి కావు. చట్టం చేతిలో ఉన్న సర్కారు కోర్టు దాటి చంపితే దాని తప్పు ఇంకా పెద్దది. అయినా అడగాల్సిన ప్రశ్నలు అందరికీ ఒకటే. ఆ చావుతో ఎవరి పేరు చెప్పినారో ఆ జనం ముందుకొచ్చినారా, తలుపులు వేసుకున్నారా? చంపడానికి చెప్పిన కారణం తీరిందా?

మన ఊర్లల్లో చూడండి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేల. శెనక్కాయ ఎండిపోతే బెంగళూరుకో కేరళకో బస్సెక్కుతాం. ఇన్నేండ్ల ఫ్యాక్షన్‌తో ఏ చెరువన్నా నిండిందా? ఒక్క బోరులోనన్నా నీళ్లు పడినాయా? నాయకుల పిల్లోళ్లు పెద్ద చదువులకు పోయినారు. వాళ్ల వెంట కట్టె పట్టుకుని తిరిగినోళ్ల పిల్లోళ్లు కోర్టు వాయిదాల చుట్టూ తిరిగినారు.

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, ఇంకోసారి అట్లాంటి వార్త గ్రూపులో పడితే పార్టీ ఏదని అడిగే ముందు ఆ రెండు ప్రశ్నలు అడగండి. మన పార్టీ వాళ్లు చేసినప్పుడు ముందుగా అడగండి.